పాయింట్ కుక్ అడ్రసు

పాయింట్ కుక్, మెల్‌బోర్న్
12 జనవరి 2025

అత్తా,

క్రిస్మస్ ముందు నువ్వు వేసిన ఉత్తరం అందింది. జవాబు ఆలస్యమైంది. వేసవిలో రిజర్వాయర్లలో నాచు పెరిగి మా ల్యాబుకి వచ్చే నీళ్ల శాంపిళ్లు రెట్టింపవుతాయి. ఉదయం ఆరింటికి వెళ్తే మధ్యాహ్నం మూడు దాకా సీసాల మూతలు తియ్యడమే పని. ఫోన్ చెయ్యొచ్చుగా అని మావయ్య అంటాడని తెలుసు. ఫోన్లో మనిద్దరం "తిన్నావా", "తిన్నాను" దాటి ఎప్పుడూ వెళ్లలేదు. నేను విజయవాడ హాస్టల్లో ఉన్నప్పుడు నువ్వు పెట్టిన అలవాటు ఇది. నెలకో ఉత్తరం, తెలుగులో, రెండు పేజీలకి తగ్గకుండా.

ఈసారి పని ఉండి రాస్తున్నాను.

నా గ్రాడ్యుయేట్ వీసా మార్చి 14తో అయిపోతుంది. ఉద్యోగం మీద, ఇక్కడే స్థిరపడనిచ్చే పీఆర్ వస్తుందని పాయింట్ల జాబితాలో పద్దెనిమిది నెలలు ఎదురుచూశాను. ఎనభై ఐదు పాయింట్లున్నాయి, పిలుపు రాలేదు. ఇప్పుడు మిగిలిన దారి ఒకటే. ఉపేంద్ర ఇక్కడి పౌరుడు కాబట్టి అతని భార్యగా పీఆర్‌కి దరఖాస్తు పెట్టడం. నవంబర్‌లో రిజిస్ట్రీలో సంతకాలు అయ్యాయి కదా, ఆ సర్టిఫికెట్‌తో పెట్టొచ్చట. మార్చి 14 లోపు పెడితే, నిర్ణయం వచ్చేదాకా ఇక్కడే ఉండి పని చేసుకోవచ్చు. పదిహేనో తేదీ తెల్లారితే నేను ఈ దేశంలో ఉండకూడని మనిషిని.

సర్టిఫికెట్ ఒక్కటే చాలదు. కాపురం నిజమైనదని ఇక్కడి పౌరులో, పీఆర్ ఉన్నవాళ్లో ఇద్దరు సాక్ష్యం రాయాలి. 888 అని ఒక ఫారం. ఒకటి నా స్నేహితురాలు జెన్సీ రాస్తోంది. రెండోది నువ్వు రాయాలి. మా తరఫున ఇక్కడున్న పెద్దదానివి నువ్వే. మా వీసా ఏజెంటు పేరు వైశాలి. ఫారం దీంతోపాటు పెట్టాను, ఆమె ఈమెయిల్ దాని మీద రాశాను. నీకు తెలిసింది రాస్తే చాలు.

ఒక మాట నాన్నతో అనలేదు, నీతో అంటున్నాను. ఎనిమిదో క్లాసులో "నాకు ఆదర్శం" అన్న వ్యాసంలో నీ గురించే రాశాను, గుర్తుందా? "మా అత్త ఆస్ట్రేలియా ప్రభుత్వంలో ఆఫీసరుగా వెళ్లింది" అని. నువ్వు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా వచ్చావు. నేను యూనీలో డిస్టింక్షన్ తెచ్చుకుని కూడా "భార్య" అన్న గడిలో టిక్కు పెట్టి ఉండిపోతున్నాను. మొగుడి పుణ్యాన వీసా. ఈ మాట గొంతు దిగడం లేదు.

మావయ్య గోంగూర ఎలా ఉంది?

నీ మేనకోడలు
అపూర్వ

*

గంగాలిన్, కాన్‌బెర్రా
27 జనవరి 2025

అపూర్వా, ఇక్కడ మేమిద్దరం కులాసా.

ఈ రోజు సెలవు. మీ మావయ్య గోంగూర మడికి వల కట్టాడు. మ్యాగ్‌పై పిట్టలు ఆ వల మీదే కూర్చుని ఆకులు పీకుతున్నాయి. "కోటేశ్వరరావు గారూ, అది కంచె కాదు, వాటికి ఉయ్యాల" అన్నాను. వలకి ఇంకో ముడి బిగించాడు.

నువ్వు పంపిన ఫారం పూర్తి చేసి వైశాలి గారికి నిన్ననే ఈమెయిల్లో పంపించాను. ఆఫీసులో మంత్రి గారికి నోట్ రాసే పద్ధతిలోనే రాశాను. మొదటి చిత్తు, ఒక రాత్రి ఆగడం, రెండో చిత్తు. ఇక్కడి ఆఫీసరుకి మన పద్ధతులు తెలియవు కాబట్టి వివరంగా రాశాను. రిజిస్ట్రీ సంతకాలు కాగితం కోసమేనని, మన వాళ్లకి పెళ్లంటే ముహూర్తమేనని, అది ఏప్రిల్ ముప్పైన క్యారమ్ డౌన్స్ గుడిలో ఉందని, అప్పటిదాకా నువ్వు పాయింట్ కుక్‌లో స్నేహితురాలి ఇంట్లో, అతను టార్నీట్‌లో తన ఇంట్లో వేరువేరుగా ఉంటున్నారని రాశాను. సంతకాలైన రోజు నిన్ను పాయింట్ కుక్‌లో మేమే దింపాం కనుక, ఇది నాకు స్వయంగా తెలుసు అని కూడా చేర్చాను. మీ ఇద్దరి నడవడికి ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

సిడ్నీ వెళ్లినప్పుడు ద పాండ్స్‌లో మా స్నేహితురాలు కళావతి గారింట్లో నీ మాట వచ్చింది. వాళ్లమ్మాయి పెళ్లికి ముందే ఒకబ్బాయితో ఇల్లు తీసుకుందని ఆవిడ బెంగ. "మీ మేనకోడలిని చూసి నేర్చుకోమని చెబుతున్నానండీ" అంది. నాకు ఎంత గర్వంగా అనిపించిందో రాయలేను.

"భార్య గడి" గురించి రాశావు. ఆ సంగతి ఇంకెప్పుడూ రాయకు.

ఆశీస్సులతో
అత్త

*

టార్నీట్, మెల్‌బోర్న్
17 ఫిబ్రవరి 2025

అత్తా,

పైన అడ్రసు చూడు. పొరపాటున రాయలేదు.

వైశాలి శుక్రవారం ఫోన్ చేసింది. "అపూర్వా, మీ ఆంటీ గారి స్టేట్‌మెంట్ చదివావా? ఫారంలో మీరిద్దరూ 2023 సెప్టెంబర్ నుంచి ఒకే ఇంట్లో ఉంటున్నామని రాశావు. ఆవిడేమో వేరువేరుగా ఉంటున్నారని రాశారు, నాకు స్వయంగా తెలుసు అని కూడా రాశారు. ఈ రెండూ ఒకే ఫైల్లో పెడితే ఆఫీసరు ఎవరిని నమ్ముతాడు?" అంది. "నీ స్నేహితురాలి మాట ఒకవైపు, సొంత మేనత్త మాట ఒకవైపు" అంది.

నేను ఏడాదిన్నరగా ఉపేంద్రతో టార్నీట్‌లో ఉంటున్నాను. పాయింట్ కుక్ జెన్సీ ఇల్లు. నీ ఉత్తరాలు అక్కడికి వస్తాయి, జెన్సీ డ్యూటీకి వెళ్తూ నాకిస్తుంది. నవంబర్‌లో మీరు నన్ను అక్కడ దింపి, తలుపు తీసేదాకా కారు ఆపి చూశారు. మీ కారు మలుపు తిరిగిన పది నిమిషాలకి ఉపేంద్ర వచ్చి తీసుకెళ్లాడు. దారిలో "గిట్ల ఎన్నిరోజులు దాచిపెడ్తవ్?" అన్నాడు.

ఫోన్ చేద్దామనుకున్నాను. చేస్తే నేను ఏడుస్తాను, నువ్వు పెట్టేస్తావు.

అసలు సంగతి విను. దాచడంలో నేను ఎంత జాగ్రత్త పడ్డానంటే, ఇప్పుడు చూపించడానికి ఏమీ మిగల్లేదు. అద్దె కాగితం అతని పేరు మీదే ఉంది. కరెంటు బిల్లూ అంతే. నా బ్యాంకు, నా లైసెన్సు, నా ఉద్యోగం కాగితాలు అన్నీ పాయింట్ కుక్ అడ్రసు మీద ఉన్నాయి. ఫొటోలు అడిగితే వైశాలికి నలభై పంపాను. "ఒక్కదాంట్లో కూడా మీరిద్దరూ పక్కపక్కన లేరేంటి?" అంది. ఎలా ఉంటాం? ఇంట్లోవాళ్ల గ్రూపులో పెట్టేముందు ప్రతి ఫొటోలోనూ అతన్ని కత్తిరించాను. ఒకదాంట్లో నా భుజం మీద అతని చెయ్యి మాత్రం మిగిలింది. మా అమ్మ "ఆ చెయ్యి ఎవరిదే" అని అడిగితే జెన్సీది అన్నాను. ఆ చేతికి వెంట్రుకలున్నాయి.

నీ పత్రంలో ఒక్క పేరా మార్చి ఇస్తే చాలని వైశాలి అంటోంది. వేరువేరుగా ఉంటున్నారు అన్నచోట కలిసి ఉంటున్నారు అని. ఇంకో ఇరవై ఐదు రోజులే ఉన్నాయి.

అపూర్వ

*

గంగాలిన్
21 ఫిబ్రవరి 2025

అపూర్వకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను.

పేరా మార్చను. కారణం చెబుతాను. నేను ఇరవై నాలుగేళ్లుగా ప్రభుత్వంలో కాగితాలు రాస్తున్నాను. చూడనిది చూశానని ఒక్కసారీ రాయలేదు. మొదటి పత్రంలో నేను అబద్ధం రాయలేదు. నువ్వు నాకు చెప్పింది, నా కళ్లతో చూసింది రాశాను. అబద్ధం నీది, సంతకం నాది. ఇప్పుడు "కలిసి ఉంటున్నారు" అని రాయమంటున్నావు. ఆ ఇల్లు నేను చూడలేదు. మళ్లీ నీ మాట మీదే రాయాలి. పోయినసారి నీ మాట మీద రాస్తే ఏమైందో చూశాం.

ఏడాదిన్నరగా నేను ఎవరింటికి ఉత్తరాలు రాస్తున్నాను? హాస్టల్లో నీకు జ్వరం వస్తే నాకు ముందు రాసి, తర్వాత మీ నాన్నకి చెప్పేదానివి.

ఒక ప్రశ్న సూటిగా అడుగుతున్నాను. ఆఫీసరు ఎలాగూ అడుగుతాడు. ఈ పెళ్లి వీసా కోసమా?

వసుంధర

*

టార్నీట్
26 ఫిబ్రవరి 2025

అత్తయ్య గారికి,

కాదు.

వీసా కోసమైతే 2023 సెప్టెంబర్‌లోనే పెట్టేదాన్ని. అప్పుడే పెడదామని ఉపేంద్ర అన్నాడు. నేనే వద్దన్నాను. సొంతంగా తెచ్చుకుంటాను, ఎవరి పేరు మీదా ఉండను అన్నాను. పాయింట్ల కోసం ఇంగ్లిష్ పరీక్ష మూడుసార్లు రాశాను. ప్రతిసారీ పరీక్ష కేంద్రం బయట కారులో నాలుగేసి గంటలు కూర్చున్నది అతనే. నీలా రావాలని పట్టుపట్టి ఇక్కడిదాకా తెచ్చుకున్నాను. నువ్వు "ఆ సంగతి ఇంకెప్పుడూ రాయకు" అన్నప్పుడే నీ లెక్కలో నేనెక్కడున్నానో తెలిసింది. ఎవరి పేరు మీదా రాని మనిషికి ఇది అర్థం కాదు.

నీ సంతకం అక్కర్లేదు. జెన్సీ వాళ్ల చర్చిలో ఒక ఆంటీ రాస్తానన్నారు. ఆవిడ మమ్మల్ని రెండుసార్లు చూశారు. అది కూడా వద్దనుకుంటే జెన్సీ పత్రం ఒక్కటే పెట్టి మార్చి 13న పంపించేస్తాం. ఫైలు బలంగా లేదు, తిరస్కరించే అవకాశం ఉంది అని వైశాలి రాసి ఇచ్చింది. చదివి సంతకం పెట్టాను.

ఏప్రిల్ ముప్పైకి మీరు వస్తారో రారో మావయ్యతో చెప్పించు. భోజనాలకి సంఖ్య చెప్పాలి.

అపూర్వ

*

గంగాలిన్
2 మార్చి 2025
(ఎక్స్‌ప్రెస్ పోస్టులో)

అపూర్వా,

"ఇంకెప్పుడూ రాయకు" అన్నది నిన్ను చిన్నచూపు చూసి కాదు. ఎందుకన్నానో రాస్తున్నాను. ఇది మీ నాన్న శ్రీపతికి కూడా తెలియదు. సొంత తమ్ముడికే చెప్పలేదు.

1997 ఆగస్టు 19న సిడ్నీలో దిగాను. నా పాస్‌పోర్టు ఇంకా ఉంది, ఇప్పుడే తీసి చూశాను. అందులో అంటించిన వీసాలో ప్రధాన దరఖాస్తుదారు మీ మావయ్య. నేను రెండో లైను. భార్య. ఆధారపడిన వ్యక్తి. భీమవరంలో డిగ్రీ పిల్లలకి ఎకనామిక్స్ చెప్పి వచ్చినదాన్ని. ఇక్కడ మొదటి నాలుగేళ్లు క్వీన్‌బియన్‌లో ఒక బేకరీలో రొట్టెలు కోసి సంచుల్లో వేశాను. ప్రభుత్వ పరీక్ష రాసి ఉద్యోగంలో చేరింది 2001లో.

మీ తాతయ్య ఊళ్లో అందరికీ "మా అమ్మాయి గవర్నమెంటు ఉద్యోగం మీద వెళ్లింది" అని చెప్పారు. నేను దిద్దలేదు. ఉద్యోగం వచ్చాక, ఇక అబద్ధం కాదుగా అనుకున్నాను. నీ ఎనిమిదో క్లాసు వ్యాసం ఉత్తరంలో వచ్చింది. చదివి బీరువాలో దాచుకున్నాను. అప్పుడైనా దిద్దాల్సింది. పదమూడేళ్ల పిల్లవి. నువ్వు ఆ కాగితాన్ని నమ్ముకుని ఇంగ్లిష్ పరీక్ష మూడుసార్లు రాస్తావని నాకేం తెలుసు?

నువ్వు నాకు పాయింట్ కుక్ అని చెప్పావు. నేను నీకు ఆఫీసరు అని చెప్పాను. నాది ఇరవై ఏడేళ్లు నడిచింది.

ఇంకో నిజం. నువ్వు ఎక్కడ ఉంటున్నావో ఈ ఏడాదిన్నరలో నేను గట్టిగా ఒక్కసారీ అడగలేదు. మన ఇళ్లలో పెళ్లికాని పిల్లని, జవాబు వినడం ఇష్టంలేని ప్రశ్న ఎవరూ అడగరు. దాన్నే నమ్మకం అంటాం.

పదో తేదీ సోమవారం మీకూ మాకూ సెలవు. శనివారం ఉదయం బయల్దేరుతాం. చర్చి ఆంటీని ఆగమను. ఇల్లు సర్దకు. సర్దితే నాకు తెలుస్తుంది.

అత్త

*

టార్నీట్
13 మార్చి 2025

అత్తా,

నిన్న ఉదయం 11:40కి దరఖాస్తు పెట్టేశాం. ఆఫీసుకి సెలవు పెట్టలేదు. ల్యాబు బయట బెంచీ మీద కూర్చుని ఉంటే వైశాలి ఫోన్ చేసి "సబ్మిట్ నొక్కుతున్నా" అంది. నొక్కింది. కాసేపటికి రసీదు వచ్చింది, దానితోపాటే బ్రిడ్జింగ్ వీసా ఉత్తరం. శుక్రవారం తర్వాత కూడా నేను ఇక్కడ ఉండొచ్చు. లోపలికి వెళ్లి మిగిలిన సీసాలు పూర్తి చేశాను.

ఉపేంద్ర ఇంకా తేరుకోలేదు. ఏడున్నర గంటలు కారులో కూర్చుని వచ్చిన మనిషి కాఫీ తాగకుండా స్పైరల్ పుస్తకం తీసి వంటింట్లోకి వెళ్లడం అతను ఎప్పుడూ చూడలేదట. "ఆంటీ, మీరు కూసోండి, చాయ్ పెడ్త" అంటే నువ్వు "కూర్చోడానికి రాలేదు బాబూ, చూడ్డానికి వచ్చాను" అన్నావు. నన్ను పెరట్లోకి పంపి అతన్ని ప్రశ్నలడిగావు. అతన్ని పెరట్లోకి పంపి నన్ను అడిగావు. బయట ఉన్నవాళ్లకి మావయ్య కాపలా. "మా రైల్వే సిగ్నల్ ఇన్‌స్పెక్టర్ గూడ ఇంత స్ట్రిక్ట్ లేడు అంకుల్" అని ఉపేంద్ర అంటే, "నాకు ముప్పై ఏళ్లుగా ఇదే ఇంటర్వ్యూ బాబూ, రిజల్ట్ ఇంకా చెప్పలేదు" అన్నాడు మావయ్య. కిటికీలోంచి వినపడింది. నీకూ వినపడే ఉంటుంది, పెన్ను ఆగింది.

అతనికి ఏ కూర పడదు అని అడిగావు. చామదుంప అన్నాను. నాకు ఏది పడదని అతన్ని అడిగావట. "పడనిది గాదు ఆంటీ, ఆమెకు ఎవ్వరన్న హెల్ప్ చేస్తే పడది" అన్నాడట. అతని తెలుగు తొమ్మిదేళ్ల వయసులో నల్గొండ నుంచి వచ్చినప్పుడు ఎలా ఉందో అక్కడే ఆగిపోయింది. నువ్వు అన్నిసార్లు నవ్వడం నేను చూడలేదు. నీ పుస్తకంలో ఏం రాసుకున్నావో చెప్పలేదు.

ఒక్క సంగతి అర్థం కాలేదు. ఆదివారం సాయంత్రం ఫ్రిజ్ ముందు చాలాసేపు నిలబడ్డావు. క్లిప్పుకున్న మా డ్యూటీ కాగితాలన్నీ తీసి, సోమవారం వెళ్తూ పట్టుకెళ్లి, స్కాన్ చేసి వైశాలికి పంపించావట. అవి చెత్త అత్తా. నెల అయిపోయాక పారెయ్యమని వంద సార్లు చెప్పాను, అతనికి ఏదీ పారెయ్యబుద్ధి కాదు. "నా హ్యాండ్‌రైటింగ్ గవర్నమెంట్‌కు వొయ్యిందా?" అని ఉపేంద్ర ఒకటే గోల.

నీ కొత్త పత్రం కాపీ పంపనా అని వైశాలి అడిగింది. వద్దన్నాను. నువ్వే పంపితే చదువుతాను.

నా బ్యాంకులో, లైసెన్సులో అడ్రసు ఇవాళ మార్చాను. జెన్సీ "హమ్మయ్య, ఇంక నీ ఉత్తరాలు మొయ్యక్కర్లేదు" అంది.

నీ
అపూర్వ

*

గంగాలిన్
18 మార్చి 2025

టార్నీట్‌లో ఉంటున్న మా అపూర్వకి,

మావయ్య గోంగూర ఓడిపోయింది, మ్యాగ్‌పైలు గెలిచాయి. కాడలు మిగిలాయి. పచ్చడికి పనికిరావు.

పత్రం ఇంగ్లిష్‌లో ఇచ్చాను. నీకోసం తెలుగులో మళ్లీ రాశాను. ముఖ్యమైన భాగం ఇది.

"ఈ విషయంలో నేను జనవరి 26న ఒక పత్రం రాసి ఏజెంటుకి పంపాను. అది తప్పు. నాకు తెలిసిందే రాశాను, కానీ నాకు తెలిసింది నిజం కాదు. ముహూర్తం కాకముందు కలిసి ఉంటున్నారని తెలిస్తే మా కుటుంబంలో పెద్దవాళ్లు బాధపడతారని దరఖాస్తుదారు దాచింది. మేము అడగలేదు కనుక దాచడం తేలికైంది. ఆమె కాగితాల మీద వేరే అడ్రసు ఉండటానికీ, ఫొటోలు కత్తిరించి ఉండటానికీ కారణం ఇదే.

మార్చి 8 నుంచి 10 వరకు నేను వారి ఇంట్లో ఉన్నాను. ఫ్రిజ్ తలుపు మీద ఒక క్లిప్పుకి పంతొమ్మిది కాగితాలు ఉన్నాయి. మొదటిది 2023 సెప్టెంబర్‌ది. పైన ఉన్నది ఈ నెలది. ప్రతి కాగితం మీద ఆమె ల్యాబు వేళలు ఆమె చేతిరాతలో, అతని రైల్వే డ్యూటీ వేళలు అతని చేతిరాతలో ఉన్నాయి. ఇద్దరూ ఒకేసారి ఇంట్లో ఉండే గంటల చుట్టూ గీత గీసి ఉంది. 2023 అక్టోబర్‌లో అలాంటివి నలభై ఒక్క గంటలు. ఆ గంటల పక్కన వాళ్లు ఒకరికొకరు రాసుకున్నవి ఉన్నాయి. పాలు అయిపోయాయి, చారు కాచి పెట్టాను, నీ మోకాలికి ఐస్ ఫ్రీజర్‌లో ఉంది, పరీక్ష రేపు, నేను దింపుతాను. ఇవి ప్రభుత్వానికి చూపించడానికి రాసినవి కావు. చూపించవచ్చని వాళ్లకి తోచనేలేదు.

స్పాన్సర్ అయిన ఉపేంద్ర తొమ్మిదో ఏట ఈ దేశానికి వచ్చారు. తెలుగు రాయడం అప్పుడే పోయింది. మొదటి అయిదు కాగితాల్లో ఆయన రాసినవన్నీ ఇంగ్లిష్‌లో ఉన్నాయి. ఆరో కాగితం నుంచి తెలుగు అక్షరాలు కనిపిస్తాయి, పిల్లలు పలక మీద రాసేంత పెద్దవి. పదమూడో కాగితానికి చిన్నవయ్యాయి. పంతొమ్మిదో కాగితంలో ఇంగ్లిష్ లేదు. ఎవరు నేర్పారని అడిగాను. ఎవరూ నేర్పలేదని, ఆమె రాసినవి చూసి రాశానని చెప్పారు.

నేను ఇరవై నాలుగేళ్లుగా ప్రభుత్వ ఉద్యోగిని. ఒక కాగితం అవసరం కోసం తయారు చేసిందో, పని కోసం రాసిందో గుర్తుపట్టగలను. ఇవి పని కోసం రాసినవి."

ఫారంలో, దరఖాస్తుదారు మీకు ఎంతకాలంగా తెలుసు అని ఒక గడి ఉంది. జనవరిలో "పుట్టినప్పటి నుంచి" అని రాశాను. ఈసారి "పుట్టినప్పటి నుంచి. సరిగ్గా తెలిసింది మార్చి 8 నుంచి" అని రాశాను. వైశాలి గారు ఫోన్ చేసి "రెండో వాక్యం తీసేద్దామా ఆంటీ?" అంది. వద్దన్నాను.

శ్రీపతికి నేనే చెప్పాను, రెండు సంగతులూ. ముందు నాది, తర్వాత నీది. నాది విని "అక్కా, మరి నాన్న..." అని ఆగిపోయాడు. నీది విని, "ఆ ఇంట్లో నీళ్లు బాగుంటాయా?" అన్నాడు. "ఆ ఊరి నీళ్లు పరీక్ష చేసేదే నీ కూతురు, ఇంకెవర్ని అడుగుతావు?" అన్నాను. నవ్వాడు. మీ అమ్మ పక్కనుంచి "ఆ చెయ్యి అబ్బాయిదే అని నాకు అప్పుడే తెలుసు" అంటోంది.

కళావతి గారికి కూడా ఫోన్ చేశాను. మా అపూర్వని చూసి నేర్చుకోమని మీ అమ్మాయికి చెప్పారు కదా, చెప్పింది చెప్పినట్టే ఉంచండి, అయితే అసలు కథ ఇదీ అన్నాను. మొత్తం చెప్పాను. ఆవిడ వాళ్లమ్మాయి ఇంటికి ఈ వారమైనా వెళ్లొస్తానంది. ఇన్నాళ్లూ వెళ్లలేదట.

ఆదివారం మీ పెరట్లో మావయ్య తీసిన ఫొటో కుటుంబం గ్రూపులో పెట్టాను. కత్తిరించలేదు. కింద "మా మేనకోడలు అపూర్వ, ఆమె భర్త ఉపేంద్ర, టార్నీట్‌లో వాళ్ల ఇంట్లో" అని రాశాను. ఎనభై నాలుగు మంది చూశారు. తణుకు నుంచి మీ పెద్దనాన్న "ముహూర్తం ఏప్రిల్‌లో కదా?" అని అడిగాడు. "అవును, భోజనానికి రండి" అని రాశాను.

మేమిద్దరం ఏప్రిల్ 28కే వస్తాం. హోటల్ వద్దు, మీ ఇంట్లోనే ఉంటాం. భోజనాల లెక్కలో రాసుకో. ముహూర్తం, తలంబ్రాలు, బిందెలో ఉంగరం, అన్నీ పద్ధతిగా జరగాలి. ఒక్కటి మాత్రం ముందే చెబుతున్నాను, ఫొటోల వాడికి కూడా చెప్పు. అప్పగింతలప్పుడు మీ అమ్మ ఏడుస్తుంది, మీ నాన్న ఏడుస్తాడు. నేను ఏడవను. నిన్ను పంపే ఇల్లు నేను చూసి వచ్చాను.

గర్వంతో
మీ అత్త
వసుంధర